రహీంసాబ్, జకార్తా పతకం, మా డ్రిల్లు సారు

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైనది ఏదైనా రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగారు. కోటల మీద, గుళ్ళ మీద, సంస్థానాల మీద రాయగల పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. నేను ముప్పై ఏడేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను. నాకు తెలిసింది ఒక ఆట సంగతి, ఒక సర్వీసు రిజిస్టరు సంగతి. ఆ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కనుక కలిపే రాస్తున్నాను.

2024 ఏప్రిల్‌లో హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో ఉండగా మనవడు నన్ను 'మైదాన్' అనే హిందీ సినిమాకు తీసుకుపోయాడు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి మీద తీసిన సినిమా అది. సినిమా అయిపోయి బయటికి వస్తుంటే వాడు, "తాతా, ఇదంతా నిజంగా జరిగిందా, కథనా?" అని అడిగాడు. నిజంగానే జరిగిందిరా, నాకప్పుడు పదకొండేళ్ళు అన్నాను. వాడు నమ్మలేదు. ఫుట్‌బాల్‌లో మన దేశం ఆసియాకంతా మొదటి స్థానంలో నిలిచిందని, ఆ జట్టును తయారుచేసింది హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన మనిషని చెబితే ఈ కాలం పిల్లలు ఎట్లా నమ్ముతారు? అందుకే ఈ వ్యాసం. మనవలూ మనవరాళ్ళూ కూడా చదవాలని కోరిక.

రహీం గారు 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, అక్కడి జట్టులో ఆడారు. తరువాత హైదరాబాదు బడుల్లో ఉపాధ్యాయులుగా పనిచేశారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇవీ ఆయన పనిచేసిన చోట్లు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటపాటల బాధ్యత నెత్తిన పెట్టుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యారు. అంటే మొదట మాస్టరు, తరువాతే కోచ్. ఆయన పద్ధతులన్నీ తరగతి గదిలోంచి వచ్చినట్టే కనిపిస్తాయి నాకు. బంతిని కాళ్ళ దగ్గర తిప్పుకుంటూ ఒక్కడే పరుగెత్తడం నిషేధించి పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం వాడు ఎడమ కాలితోనే తన్నాలని ఇంకో పోటీ. బలహీనమైన కాలికి పోటీ పెట్టడమంటే, లెక్కల్లో వెనకబడ్డ పిల్లవాణ్ణి రోజూ బోర్డు దగ్గరికి పిలవడం లాంటిదే కదా.

ఆయన చేతిలో రాటుదేలిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. వీళ్ళు పోలీసు ఉద్యోగులు, మనలాగే నెల జీతం మీద బతికినవాళ్ళు. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు గెలిచారు. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పును కూడా 1950 నుంచి 1961 లోపు నాలుగుసార్లు తెచ్చారు. కలకత్తా పెద్ద క్లబ్బులకు కొరకరాని కొయ్యలుగా ఉండేవారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం, ఇట్లా హైదరాబాదు వాళ్ళ పేర్లు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. ఆ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టుకు కూడా రహీం గారే గురువు.

ఆయన ఓటములు కూడా చూశారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచిన జట్టే, మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్ళలో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడేవారు. ఆ దెబ్బతోనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. పది గోళ్ళు తిన్న జట్టును పట్టుకుని నాలుగేళ్ళలో ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా నడిపించడం ఎంత పనో, మూతపడేదాకా వచ్చిన బడిని నిలబెట్టిన హెడ్మాస్టర్లకు బాగా తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను.

1950లు, 60లలో ఆసియాలో ఫుట్‌బాల్ అంటే దక్షిణ కొరియాదే పెద్ద చేయి. 1954, 1958 ఆసియా క్రీడల్లో రజతం వాళ్ళది. 1956, 1960 ఆసియా కప్పులు రెండూ వాళ్ళవే. 1958లో టోక్యోలో సెమీఫైనల్‌లో మనల్ని 3-1తో ఓడించింది కూడా వాళ్ళే. 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడలు ఆగస్టు 24న మొదలై సెప్టెంబరు 4న ముగిశాయి. మనవాళ్ళ మొదటి ఆటే ఆ కొరియాతో పడింది. 2-0తో ఓడిపోయాం.

మొదటి ఆటలోనే ఓడితే మామూలు జట్టు అక్కడే కుంగిపోతుంది. మనవాళ్ళు తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో గెలిచి సెమీఫైనల్‌కు చేరారు. అయితే ఈ దారిలోనే జర్నయిల్ సింగుకు తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. ఈయన పంజాబువాడు, మన గోలు ముందు నిలబడి ఎదుటివాళ్ళను అడ్డుకునే స్టాపరు. అంటే కోటకు తలుపు లాంటివాడు. తలకు కట్టు కట్టుకుని ఉన్న మనిషిని వెనక ఆడిస్తే ప్రతి బంతినీ తలతో కొట్టవలసి వస్తుంది. పూర్తిగా పక్కన కూర్చోబెడితే అంత గట్టి మనిషి ఇంకొకడు లేడు. రహీం గారు చేసింది ఏమంటే, అతన్ని వెనకనుంచి తీసి ముందుకు పంపారు. కాలేజీ రోజుల్లో జర్నయిల్ ముందు వరసలో ఆడినవాడే. ఆ పాత సంగతి రహీం గారు మరిచిపోలేదు. ఖాళీ అయిన స్టాపరు చోటును అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచినప్పుడు చునీ గోస్వామి రెండు గోళ్ళు, తలకు కట్టుతో ఉన్న జర్నయిల్ ఒక గోలు కొట్టారు.

నా ఉద్యోగ జీవితంలో ఎందరో అధికారులను చూశాను. సీటులో ఉన్న మనిషికి జబ్బు చేస్తే ఫైలు ఆగేది, లేదా మనిషి ఆగేవాడు. ఆ మనిషికి చేతనైన ఇంకో పని ఏదుందో వెతికి అక్కడ కూర్చోబెట్టినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఫైనల్‌లో మళ్ళీ అదే కొరియా. రహీం గారు ఇంకో మార్పు కూడా చేశారు. అంతకు ముందు ఆటల్లో ప్రద్యుత్ బర్మన్ గోల్‌కీపరుగా బాగానే ఆడాడు. కానీ కొరియా వాళ్ళు బంతిని ఎత్తుగా వేసి గోలు ముందు తోపులాటకు దిగుతారని ఫ్లూ జ్వరంనుంచి కోలుకున్న పీటర్ తంగరాజ్‌ను దించారు. ఆరడుగులు దాటిన మనిషి, హైదరాబాదులో పుట్టినవాడు. ఆయనతో కలిపి ఫైనల్ పదకొండుమందిలో మన జంటనగరాలవాళ్ళు ముగ్గురు. రెండోవాడు సిటీ పోలీసు జట్టు యూసుఫ్ ఖాన్. మూడోవాడు సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం. ఇల్లు గడవడమే కష్టమైన కుటుంబం. పోలీసులు పారేసిన పాత బూట్లను ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకుని ఆడానని ఆయన తరువాత చెప్పుకున్నారు.

ఆ రోజు మైదానంలో ఆట ఒక్కటే కాదు సమస్య. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రభుత్వం వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎట్లా అంటారని మన దేశం ప్రతినిధి గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పారు. దానితో అక్కడి జనానికి మనమంటే కోపం వచ్చింది. జకార్తాలో మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సెనయాన్ స్టేడియంలో లక్షమంది దాకా చేరి మన జాతీయగీతం వినిపిస్తుంటే ఎగతాళి చేశారు, మన కాలికి బంతి తగిలినప్పుడల్లా గోల చేశారు. అంత జనంలో మనవాళ్ళ కోసం చప్పట్లు కొట్టినవారు పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళని మన ఆటగాళ్ళే చెప్పారు. ఆ క్రీడల్లోనే హాకీ ఫైనల్‌లో మనల్ని 2-0తో ఓడించింది ఆ జట్టే.

రహీం గారికి అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు. సిగరెట్లు విపరీతంగా తాగేవారట. ఫైనల్ ముందు రాత్రి ఆటగాళ్ళను పిలిచి, రేపు మీరంతా నాకొక బహుమానం ఇవ్వాలి, ఆ స్వర్ణం నాకు కావాలి అన్న అర్థంలో మాట్లాడారని వాళ్ళు తరువాత ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నారు.

సెప్టెంబరు 4. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. ఇరవయ్యో నిమిషంలో జర్నయిల్ సింగ్ గోలు. ఆ తరువాత గంటకు పైగా వెనక అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, గోలులో తంగరాజ్ కాచుకున్నారు. ఎనభై అయిదో నిమిషంలో కొరియా ఒక గోలు తిరిగి కొట్టింది. మిగిలిన అయిదు నిమిషాలు ఎట్లా గడిచాయో ఆడినవాళ్ళకే తెలియాలి. 2-1. ఎవరి చేతిలో మొదటిరోజు ఓడారో వాళ్ళనే చివరిరోజు ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ స్వర్ణం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది, అప్పటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా మన హైదరాబాదువాడే.

ఈ వార్త మా నారాయణపేటకు ఎట్లా చేరిందో చెబుతాను. అప్పట్లో మాది మహబూబ్‌నగర్ జిల్లాలో మూలనున్న తాలూకా ఊరు. రైలెక్కాలంటే నారాయణపేట రోడ్ అనే స్టేషనుకు పోవాలి. పేరు మాదే గాని స్టేషను ఉన్నది కర్ణాటకలో, సైదాపూర్‌లో. ఊళ్ళో మగ్గాల చప్పుడు, బజారులో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ అన్నీ కలిసిన మాట. పేపరు బస్సులో వచ్చేది. జకార్తా ఫైనల్ అయిన మరునాడో, ఆ పై రోజో సరిగ్గా గుర్తులేదు, ఒకనాటి పొద్దున మా డ్రిల్లు సారు ఉర్దూ పేపరు చేతిలో పట్టుకుని బడి వరండాలో నిలబడ్డారు. ప్రార్థన అయిపోగానే పేపరు పైకెత్తి గట్టిగా చదవబోయారు. సగంలో గొంతు పట్టేసింది. పక్కనున్న లెక్కల సారు పేపరు తీసుకుని మిగతాది తెలుగులో చెప్పారు. మాకు జకార్తా ఎక్కడుందో తెలియదు. ఆ పూట పాఠాలు ఉండవన్న సంగతి మాత్రం బాగా అర్థమైంది.

డ్రిల్లు సారు పేరు ఇక్కడ రాయను, వారి పిల్లలకు ఇష్టమో కాదో. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. బడికి ఒకటే తోలు బంతి. దాని బ్లాడరుకు సైకిలు షాపులో ఎన్ని పంచర్లు వేయించారో లెక్కలేదు. మాకందరికీ ఉత్తకాళ్ళే. నేను ఎడమవైపు చివరన ఆడేవాణ్ణి, ఎందుకంటే అక్కడికి బంతి తక్కువ వస్తుంది. "అరే, బాలు కాళ్ళ కాడ దాచుకోకుర్రి. వచ్చిందా, ఇచ్చెయ్, ఉరుకు!" అని ఆయన అరుపు. వారానికొకరోజు అందరూ వాటం లేని కాలితోనే తన్నాలి. ఇది ఆయన సొంత తిక్క అనుకునేవాళ్ళం. రహీం గారి గురించి చదివిన తరువాతగాని ఆ పద్ధతి ఎక్కడిదో నాకు తెలియలేదు.

తెలియడానికి ఇంకో మార్గం కూడా ఉండింది, అది నా చేతిలోంచే పోయింది.

1972లో నేను ఉద్యోగంలో చేరాను. ఎనభయ్యో దశకం మొదట్లో ఒక దఫ్తరులో పింఛను కాగితాలు చూసే సీటులో ఉన్నాను. ఒకరోజు మా డ్రిల్లు సారు సర్వీసు రిజిస్టరు నా టేబుల్ మీదికి వచ్చింది. రూలు ప్రకారం పేజీ పేజీ చూసుకుంటూ పోతే, 1950ల చివర ఒక ఏడు ఆరు వారాలు ఆయన డ్యూటీలో లేరు. సెలవు చీటీ పెట్టుకున్నారు గాని మంజూరు కాలేదు. ఆ కాలాన్ని 'డైస్ నాన్' అని ఎర్ర సిరాతో రాశారు. మన సభ్యులకు చెప్పనక్కరలేదు, పిల్లల కోసం చెబుతున్నాను. డైస్ నాన్ అంటే ఆ రోజులు అసలు లేనట్టే లెక్క. జీతానికీ రావు, పింఛనుకూ రావు. పింఛనును పూర్తయిన అర్ధ సంవత్సరాల లెక్కన కట్టేవారు. ఆ ఆరు వారాలు పోయేసరికి సారుకు ఒక అర్ధ సంవత్సరం అంచుమీద తగ్గింది. నెలకు కొద్ది రూపాయలు, గ్రాట్యుటీలో మరికొంత.

రిజిస్టరు వెనక పాత సెలవు చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. ఉర్దూలో రాసింది. నాకు ఉర్దూ కూడబలుక్కుని చదవడం వచ్చు. హైదరాబాదులో పోలీసు జట్టుకు రహీంసాబ్ ఇస్తున్న తర్ఫీదు చూసి నేర్చుకోవడానికి బడి తెరిచాక మరి ఆరు వారాలు సెలవు ఇప్పించవలసిందిగా, తిరిగివచ్చి పిల్లలకు నేర్పుతానని అందులో ఉంది. కింద ఎవరో అడ్డంగా ఒక గీత గీశారు.

ఆ కాలాన్ని అర్హత గల సెలవుగా మార్చడానికి ప్రతిపాదిస్తూ నోటు పెట్టవచ్చు. పైవాళ్ళు ఒప్పుకునేవారో లేదో తెలియదు గాని పెట్టవచ్చు. నేను పెట్టలేదు. సీటుకు కొత్త. ఆడిట్ అభ్యంతరం వస్తే ఇంక్రిమెంటు పోతుందన్న భయం. "ఆరు వారాలు మినహాయించవలసియున్నది" అని రాసి ఫైలు పైకి పంపాను. చక్కటి అక్షరాలతో రాశాను, అది కూడా గుర్తుంది.

కొన్ని నెలల తరువాత సారు ఆర్డరు తీసుకోవడానికి వచ్చారు. నన్ను చూడగానే గుర్తుపట్టారు. "నువ్వు లెఫ్ట్ అవుట్ ఆడేటోనివి గదా?" అన్నారు. లేచి నిలబడి అవును సార్ అన్నాను. కుర్చీ వేశాను, టీ తెప్పించాను. ఆర్డరు చదువుకుని, తగ్గిన లెక్క దగ్గర వేలు ఆనించి కాసేపు చూశారు. ఆ నోటు రాసింది నేనేనని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆయన సంతకం పెట్టి, "ఆ ఆరు వారాలు గట్టు మీద నిలబడి చూసిన బేటా. ఒక్కనాడు బాలు బయటికొస్తే నేనే లోపలికి తన్నిన. రహీంసాబ్ చూసి, ఎడమ కాలుతో తన్నాల్సింది అన్నరు" అని నవ్వారు. అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ చెప్పలేదు. తొంభయ్యో దశకంలో ఆయన కాలం చేశారని ఊరికి వెళ్ళినప్పుడు తెలిసింది.

జకార్తా విజయం సంతోషం కూడా ఎంతోకాలం నిలవలేదు. నెలన్నర తిరిగేసరికే, అక్టోబరు 20న చైనా యుద్ధం వచ్చిపడింది. ఊళ్ళో అందరి నోటా అదే మాట. రహీం గారు 1963 జూన్ 11న కన్నుమూశారు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో. అప్పటికి ఆయన పోయి ఇరవై రెండేళ్ళు. ఆయన కుమారుడు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నవారు, తరువాత అంతర్జాతీయ రెఫరీ అయ్యారు, 2021లో పోయారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి ఇద్దరూ 2020లో నెల పైచిలుకు తేడాతో వెళ్ళిపోయారు. మన బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు. సినిమా వచ్చేనాటికి ఆయన లేరు, అదొక్కటే నాకు బాధ.

హైదరాబాదు ఫుట్‌బాల్ ఎందుకు తగ్గిపోయిందని మనవడు అడిగాడు. మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు డబ్బిచ్చి తీసుకుపోయాయి, బలరాం కూడా అట్లాగే ఈస్ట్ బెంగాల్‌కు పోయినవాడే. రహీం గారి తరువాత అంత పట్టుదలగా చూసుకున్నవారు దొరకలేదు. తరువాత జనం మనసు క్రికెట్ వైపు తిరిగింది. ఇవి నాకు తోచిన కారణాలు, తెలిసినవారు ఇంకా చెప్పగలరు.

మొన్న దసరాకు నారాయణపేట వెళ్ళినప్పుడు మనవణ్ణి వెంటబెట్టుకుని మా పాత బడి మైదానానికి పోయాను. 2019లో మా ఊరు జిల్లా కేంద్రం అయింది, చుట్టూ కట్టడాలు చాలా లేచాయి. మైదానంలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఒక మూల మాత్రం నలుగురైదుగురు ప్లాస్టిక్ బంతిని తన్నుకుంటున్నారు. అది మా వైపు దొర్లివచ్చింది. మోకాళ్ళ నొప్పి ఉన్నా నేనే తన్నాను, ఎడమ కాలితో. పక్కకు పోయింది. పిల్లలు నవ్వారు.

మన సభ్యుల్లో గాని, వారి కుటుంబాల్లో గాని హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో ఆడినవారు, ఆ ఆటలు చూసినవారు, పాత ఫోటోలు ఉన్నవారు ఉంటే సంఘం కార్యాలయానికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. పాత కాగితాలు చదివి సరిగ్గా నోటు పెట్టే బాధ్యత ఈసారి నాది.